సున్న గీస్తే ‘ఠ’ అయింది

పలక మీద గుండ్రంగా, మొదలూ చివరా తెలియకుండా ఒక చుట్టు చుట్టండి. తెలుగు బడిలో అది సున్న. ‘అ’ పక్కన పెడితే ‘అం’. ఒడియా బడిలో అక్షరాల వరుసలో అదే చుట్టు కనిపిస్తే అది ‘ఠ’. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒకటో తరగతిలో నేను తిన్న మొదటి మొట్టికాయ ఈ చుట్టు గురించే. అప్పటికే అమ్మమ్మ ఇంట్లో అఆలు దిద్దించేసింది. మాస్టారు బోర్డు మీద గుండ్రం గీసి ఇదేమిటని అడిగితే, నాకు తెలుసన్న హుషారులో అందరికంటే ముందు చెయ్యెత్తి ‘అం’లో సున్న అన్నాను. క్లాసంతా నవ్వింది.

దాని తర్వాత ‘క’ వచ్చింది. ఒడియాలో ‘క’ అని రాసినదాన్ని ‘కొ’కు దగ్గరగా పలుకుతారు. మనం ‘కమల’ అని చదివేది వాళ్ల నోట ‘కొమొలొ’ అవుతుంది. అక్షరం లోపల దాగి ఉండే అచ్చు మనకు ‘అ’, వాళ్లకు ‘ఒ’ లాంటిది. పెద్దవాళ్లకు చెబితే ఒక్క నిమిషంలో అర్థమయ్యే సంగతి ఇది. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. తప్పు చదివినప్పుడల్లా సరిగ్గా చదవమన్నారు. నేను ఇంకా గట్టిగా ‘క’ అన్నాను.

మా పిన్నివాళ్లది ఆంధ్ర వైపు పాతపట్నం. మధ్యలో మహేంద్రతనయ నది. పిన్ని కొడుకు నాకంటే మూడు నెలలు చిన్న. మా ఇద్దరికీ పలక పట్టించింది ఒకే అమ్మమ్మ. ఆ ఏడాది దసరాకి ఇద్దరం ఒకచోట చేరేసరికి వాడు ‘చురుకైన గుంటడు’, నేను ‘కొంచెం మొద్దు’. ఇద్దరి మధ్యా ఉన్న తేడా అల్లా, అమ్మమ్మ చెప్పిన అక్షరాలు వాడికి బడిలో పనికొచ్చాయి, నాకు అడ్డొచ్చాయి.

భాష, అధికారం, చదువు అని పెద్ద మాటలు వాడేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ తేడానే. ఒక భాషకు బలం దాని వ్యాకరణం నుంచో, దాని కావ్యాల నుంచో రాదు. ఏ ఆఫీసులో ఆ భాషలో అర్జీ తీసుకుంటారు, ఏ పరీక్ష అందులో రాయొచ్చు, ఏ కొలువుకు అది అడుగుతారు అన్నదాన్ని బట్టి వస్తుంది. ఈ మూడూ సరిహద్దు గీతకు అవతల పడిన రోజున నన్నయ తిక్కనలు కూడా ఇంట్లో మాట్లాడుకునే భాషకు కవులైపోతారు.

ఇంతకీ గీత ఎలా పడింది? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయింది. దేశంలో భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం అదే, ఆంధ్ర కంటే 17 ఏళ్లు ముందు. అప్పటిదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. హద్దు ఎక్కడ గీయాలో తేల్చడానికి 1931లో ఓడొనెల్ కమిటీ వేశారు. పర్లాకిమిడి ఎటు అన్నదాని మీద గట్టి పెనుగులాటే జరిగింది. జమీందారు కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ ఒడిశా కోసం రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్లి వాదించారు. చివరికి ఎస్టేటు రెండు ముక్కలైంది. పట్నం, కొంత భాగం ఒడిశాకు వెళ్లాయి, మిగతాది మద్రాసులో ఉండిపోయింది. ఆ రాజావారే 1937లో ఒడిశాకు మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. ఇప్పుడు జిల్లా పేరే గజపతి.

అదే ఊళ్లో ఆ రాజవంశం వారి బడిలో 1880 నుంచి పాఠం చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు, పట్నం ఒడిశాలో కలిశాక ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటికి డెబ్బై దాటాయి. ఈ ముక్క చెప్పేటప్పుడు మా ఊరి పెద్దల గొంతు ఇప్పటికీ కాస్త జీరపోతుంది.

కాకపోతే కథను ఇక్కడి నుంచి మొదలుపెడితే మనమే బాధితులం. ఇంకో ముప్పై, నలభై ఏళ్లు వెనక్కి వెళితే బొమ్మ తిరగబడుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ గంజాంలో కచేరీలోనూ బడిలోనూ తెలుగువాళ్ల మాట చెల్లేది. గుమాస్తా తెలుగు, మాస్టారు తెలుగు. ఒడియా రైతు తన దావా కాగితం చదివించుకోవడానికి ఇంకొకరి దగ్గరికి పోవలసి వచ్చేది. ఇటు తెలుగు, అటు బెంగాలీ నడుమ తమ భాష నలిగిపోతోందన్న కోపంలోంచే ఒడియా ఉద్యమం పుట్టింది. మధుసూదన్ దాస్ నాయకత్వంలో 1903లో ఉత్కళ సమ్మిళని మొదలైంది. ఒడియా ప్రత్యేక భాషే కాదని 1870లో ఒక బెంగాలీ పండితుడు పుస్తకమే వేశాడంటే ఆ కోపం ఎంతటిదో ఊహించుకోవచ్చు. 1936లో మన ఇళ్లలో కన్నీళ్లు పెట్టుకున్న రోజున పక్కవీధిలో పండగ చేసుకున్నారు. రెండూ నిజమే.

గీత పడ్డాక తెలుగును ఎవరూ నిషేధించలేదు. సంతలో తెలుగే, గుడిలో తెలుగే, పెళ్లి శుభలేఖ తెలుగే. అధికారం లాఠీ పట్టుకుని వస్తుందనుకుంటాం కానీ, భాష దగ్గరికి అది రిజిస్టరు పట్టుకుని వస్తుంది. బడిలో చేర్చేటప్పుడు ‘మాతృభాష’ అని ఒక గడి ఉంటుంది కదా. నా గడి నింపిన సన్నివేశం అమ్మ చాలాసార్లు చెప్పేది.

“బాబూ, మావోడికి తెలుగని రాయండి.”

“రాస్తే ఏటమ్మా లాభం? తెలుగు పంతులే లేడు. ఒడియా అని రాసేస్తాను, పుస్తకాలైనా వేగిరం వస్తాయి.”

ఆ గుమాస్తా కూడా తెలుగువాడే. దురుద్దేశం ఏమీ లేదు, అమ్మకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆ గడి ఎందుకంత ముఖ్యమో చూడండి. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క ఖాయం చేసింది. ప్రాథమిక బడిలో ఒక మైనారిటీ భాష పిల్లలు తరగతికి 10 మంది గానీ, బడి మొత్తానికి 40 మంది గానీ ఉంటే ఆ భాషలో చెప్పే పంతుల్ని వెయ్యాలి. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది; భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి అంటుంది అది. ‘ప్రయత్నించాలి’ అన్న ఆ ఒక్క మాటలో ఎంత వెసులుబాటు ఉందో ఏళ్ల తరబడి అర్జీలు పెట్టినవాళ్లకు తెలుసు.

పదిమంది లెక్క వినడానికి సులువు. చిక్కు ఏమిటంటే, పంతులు రిటైరయ్యాక పోస్టు ఖాళీగా ఉంటుంది. పంతులు లేడు కాబట్టి తల్లిదండ్రులు తెలుగు అని రాయించరు. రాయించరు కాబట్టి రిజిస్టరులో పదిమంది తేలరు. పదిమంది లేరు కాబట్టి పోస్టు అక్కర్లేదని పైకి నివేదిక వెళుతుంది. పది పన్నెండేళ్లు ఇలా గడిచాక ‘ఇక్కడ తెలుగు చదివేవాళ్లు లేరండీ’ అన్న మాట కాగితం మీద అక్షరాలా నిజమై కూర్చుంటుంది. వీధిలో మాత్రం అందరూ తెలుగే మాట్లాడుతుంటారు. దీంట్లో ఎవరి కుట్రా కనపడదు. ఒక్కొక్కరూ తమ పని తాము చేశారు.

ఇక కొలువుల సంగతి. ఒడిశాలో 1954 చట్టం ప్రకారం అధికార భాష ఒడియా. సర్కారు ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. నన్నడిగితే ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. ఊరి జనంతో మాట్లాడలేని అధికారి ఎందుకు? పైగా ఒడియా నేర్చుకోవడం నాకు మేలే చేసింది, ఒక సాహిత్యమంతా అదనంగా దొరికింది. నా తగువు ఎక్కడి నుంచంటే, ఆరేళ్ల పిల్లాడికి చదవడం అనే విద్యను, కొత్త భాషను ఒకేసారి నెత్తిన పెట్టడం దగ్గర్నుంచి. చదవడం ఒక్కసారే నేర్చుకుంటాం. గీతకూ ధ్వనికీ ముడి ఉందన్న ఎరుక తెలిసిన భాషలో కుదిరితే, రెండో లిపి కొన్ని నెలల పని. తెలియని భాషలో మొదలెడితే పిల్లాడు బొమ్మల్ని గుర్తుపెట్టుకున్నట్టు అక్షరాల్ని గుర్తుపెట్టుకుంటాడు. మూడో తరగతి దాకా బండి నడుస్తుంది, తర్వాత కూలబడుతుంది.

మహారాష్ట్ర వైపు ఇదే కథ ఇంకో రంగులో ఉంటుంది. నాందేడ్ జిల్లా కిన్వట్, చంద్రాపూర్ జిల్లా రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. పునర్విభజనలో అవి అటు వెళ్లాయి; నాందేడ్ జిల్లా ముధోల్ తాలూకాలోని భైంసా, కుభీరు ప్రాంతాలు ఇటు వచ్చాయి. అటు తెలుగువాళ్లు మిగిలారు, ఇటు మరాఠీవాళ్లు మిగిలారు. అంతకుముందు నిజాం పాలనలో ఇద్దరిదీ ఒకే అవస్థ, ఇద్దరి నెత్తినా ఉర్దూ. ఒకే ఇంట్లో తాత ఉర్దూలో దరఖాస్తు రాస్తే, మనవడు మరాఠీలో పరీక్ష రాస్తాడు. పొయ్యి దగ్గర మాట మాత్రం ఇద్దరిదీ తెలుగే.

గోదావరి, ప్రాణహిత కలిసేచోట ఉన్న సిరొంచ అయితే కదలకుండా కూర్చునే ఎన్ని ఊళ్లు తిరిగిందో! 1860లలో ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. 1874లో ఆ జిల్లా రద్దయి చాందాలో కలిసింది. సెంట్రల్ ప్రావిన్సెస్, మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి, 1960లో మహారాష్ట్ర, 1982లో కొత్త గడ్చిరోలి జిల్లా. వంతెన దాటితే కాళేశ్వరం. జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే మాత్రం అడవిలో రెండువందల కిలోమీటర్లకు పైమాటే. అక్కడి మనిషి జ్వరమొస్తే ఏ వైపు బస్సెక్కుతాడో, సంబంధం ఎక్కడ చూస్తాడో చెప్పనక్కర్లేదు. పిల్లాడి మార్కుల జాబితా మాత్రం మరాఠీ దారిన పోతుంది.

మహారాష్ట్రను ఒక విషయంలో మెచ్చుకోవాలి. అక్కడి పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి తెలుగులో కూడా పుస్తకాలు వేస్తుంది, తెలుగు మీడియంలో పదో తరగతి పరీక్ష రాయొచ్చు. 2020 చట్టంతో అన్ని బళ్లలో పదో తరగతి దాకా మరాఠీ తప్పనిసరి చేశారు; అది సబ్జెక్టుగా, మీడియంగా కాదు. అయినా సరిహద్దు పల్లెల్లో చాలామంది పిల్లలు నేరుగా మరాఠీ మీడియంలోకే వెళతారు. అక్కడ వాళ్లకు మొదట దెబ్బ తగిలేది భాషలో అనుకుంటాం. లెక్కల్లో తగులుతుంది.

తెలుగులో అంకె చెప్పగానే దాని కట్టుబడి కనపడుతుంది. యాభై తొమ్మిది అంటే యాభై, పైన తొమ్మిది. రాసేటప్పుడూ అదే వరుస. మరాఠీలో 59ని ‘ఏకోణసాఠ్’ అంటారు, అరవైకి ఒకటి తక్కువ అని. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడికి అందులో ‘ఏక్’ వినపడుతుంది, ‘సాఠ్’ వినపడుతుంది. వాడు 61 వేస్తాడు. ఒకటి, అరవై కలిపితే అంతే కదా! వాడి లెక్క తప్పు కాదు, వాడు విన్నదానికి లెక్క సరిగ్గానే వేశాడు. కానీ నోట్‌బుక్కులో ఎర్ర గీత పడుతుంది, ‘లెక్కల్లో వీక్’ అన్న పేరు పడుతుంది. ఆ పేరు ఏడో తరగతి దాకా వెంటాడుతుంది.

ఇది తెలుగు పిల్లల బాధ మాత్రమే కాదన్నది ఇందులో ఆసక్తికరమైన సంగతి. మరాఠీ పిల్లలకే ఈ పేర్లు తికమక పెడుతున్నాయని 2019లో బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో కొత్త పద్ధతి తెచ్చింది. ‘ఏక్‌వీస్’కు బదులు ‘వీస్ ఏక్’, అంటే ఇరవై ఒకటి, అచ్చం మన వరసలో. పెద్ద రగడ అయింది. టీవీల్లో చర్చలు, అసెంబ్లీలో వెక్కిరింతలు. పిల్లాడికి సులువా కష్టమా అన్న ప్రశ్న కాస్తా మన భాషను పాడుచేస్తారా అన్న ప్రశ్నగా మారిపోయింది. తెలుగులో ఎవరైనా ఒత్తులు తగ్గిద్దాం అంటే మనమూ అంతే రగడ చేస్తాం లెండి.

అన్నట్టు, తెలుగు పిల్లాడికి మరాఠీలో కలిసొచ్చేవీ ఉన్నాయి. ‘ళ’ రెండు భాషల్లోనూ ఉంది. మన ‘చలి’లో పలికే దంత్య ‘చ’ మరాఠీ ‘చూల్’లో, అంటే పొయ్యిలో, అలాగే పలుకుతుంది. ఈ చుట్టరికాలు చూపించి మొదలెట్టే మాస్టారు దొరికితే ఆ పిల్లాడి అదృష్టం.

చంద్రాపూర్ జిల్లా జీవతి తాలూకా, తెలంగాణలోని కెరమెరి మండలం మధ్య వివాదంలో ఉన్న పద్నాలుగు ఊళ్లలో ఎంపిక మరీ బాహాటంగా ఉంటుంది. జనం రెండు రాష్ట్రాల్లోనూ ఓటేస్తారు, రెండు రేషన్ కార్డులుంటాయి. ఒకే ఊళ్లో మరాఠీ బడి, తెలుగు బడి రెండూ ఉంటాయి. బిడ్డను ఏ బడికి పంపాలి? సంస్కృతి, మాతృభాష అని మనం వ్యాసాలు రాస్తాం. అక్కడి తండ్రి చూసేది వేరు. లంబాడాలు తెలంగాణలో ఎస్టీలు. మహారాష్ట్రలో బంజారాలుగా విముక్త జాతుల కింద లెక్క. తెలంగాణలో ‘లోకల్’ అనిపించుకోవాలంటే చిన్నప్పుడు ఏ బడిలో చదివారో చూస్తారు. కాబట్టి ఆరేళ్ల పిల్లకు బడి ఎంచుకోవడమంటే ఇరవై ఏళ్ల తర్వాతి సర్టిఫికెట్ ఎంచుకోవడం. ఆ ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఆ రెండు బళ్లలో ఏదీ ఆ భాషది కాదు.

ఒడిశా, ఆంధ్రల మధ్య కొటియా ఊళ్లలోనూ ఇదే బాపతు. 1968లో సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కిన తగాదా అది. రెండు ప్రభుత్వాలూ పోటీపడి బళ్లు కడతాయి. బోర్డు మీద ఏ లిపి ఉందన్నది అక్కడ జెండాతో సమానం.

తెలుగులోనే ఇంకో మెట్టు ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. నాకు ఆరో తరగతిలో కొన్నాళ్లు తెలుగు సబ్జెక్టు దొరికింది. ఎగిరి గంతేశాను. మొదటి రోజే ‘ఏటి’ అన్నందుకు పంతులు ‘ఏమిటి’ అని దిద్దారు. ‘వచ్చీసినాడు’ అంటే ‘వచ్చేశాడు’ అనాలన్నారు. విజయవాడ నుంచి వచ్చిన చుట్టాలైతే మాది ఒడియా కలిసిన తెలుగని నవ్వేవారు. ఒడియా బడిలో నా తెలుగు తప్పు, తెలుగు క్లాసులో నా తెలుగు తప్పు. వాడుక భాషలో రాయాలని జీవితాంతం పోరాడిన గిడుగు ఈ ఊళ్లోనే ముప్పై ఏళ్లు పాఠం చెప్పారు. ఆ పోరాటం గెలిచింది. గెలిచి పుస్తకాల్లోకి ఎక్కిన వాడుక మాత్రం ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్న ఇళ్లది.

గిడుగు పేరు ఎత్తాక సవరల గురించి చెప్పకుండా ఉండలేం. పర్లాకిమిడి చుట్టూ కొండల మీద ఉండేది వాళ్లు. వాళ్ల భాషకు తెలుగుతో గానీ ఒడియాతో గానీ చుట్టరికం లేదు. అది ముండా కుటుంబానిది. వ్యవహారానికి మాత్రం తెలుగు షావుకారు దగ్గరికో, ఒడియా కరణం దగ్గరికో దిగి రావాలి. తన మాట అవతలివాడికి రాదు, అవతలివాడి లెక్క తనకు రాదు. గిడుగు సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. సవర వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఒక భాషను చెవితో పట్టుకోవడానికి వెళ్లినవాడికి చెవులే పోయాయి.

1936 గురించి ఇంకో ముక్క. మనం పర్లాకిమిడి పోయిందని, వాళ్లు వచ్చిందని లెక్కలు వేసుకుంటున్న ఆ ఏడాదే మంగేయి గొమాంగో అనే సవర ఆయన తమ భాషకు సొంత లిపి తయారుచేశారు. సొరంగ్ సొంపెంగ్ అంటారు దాన్ని. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో సవర దేవత పేరు. 2012లో అది యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. ఇప్పుడు సవర భాషను ఎక్కడున్నారన్నదాన్ని బట్టి రాస్తారు: ఆంధ్రలో తెలుగు లిపి, ఒడిశాలో ఒడియా లిపి, క్రైస్తవ పుస్తకాల్లో రోమన్, సొంత లిపి పట్టుకున్నవాళ్లు సొంపెంగ్. కొండకు అటున్న అన్న రాసిన చీటీ ఇటున్న చెల్లి చదవలేకపోవచ్చు, మాట ఒకటే అయినా.

రెండు రాష్ట్రాలూ 2000 తర్వాత తొలి పదేళ్లలో ఆదివాసీ భాషల్లో చదువు మొదలుపెట్టాయి. ఆంధ్రలో సవర, కోయ, కువి వంటి భాషలకు వాచకాలు వచ్చాయి. ఒడిశా 2006-07లో పది భాషలతో మొదలెట్టింది, అందులో సవర ఉంది. పద్ధతి తేలికగా చెప్పాలంటే, ఒకటో తరగతి ఇంటి భాషలో. తర్వాత మెల్లగా రాష్ట్ర భాష వాటా పెరుగుతుంది. పుస్తకం ఉన్నచోట పంతులు ఉండడు, పంతులు ఉన్నచోట ఆయనకు సవర రాదు. ఈ పాట నాకు తెలిసిందే.

పాతపట్నం తమ్ముడు, అదే చురుకైన గుంటడు, పెద్దయ్యాక మాస్టారయ్యాడు. పోస్టింగు సీతంపేట ఏజెన్సీలో. మొదటి ఏడాది ఫోన్ చేసినప్పుడల్లా ఒక పిల్లాడి గురించి విసుక్కునేవాడు.

“ఏం చెప్పినా నోరు తెరవడురా. మొద్దు.”

“నేనూ మొద్దునే కదరా ఒకప్పుడు,” అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

వారం తర్వాత మళ్లీ చేశాడు. ఆ పిల్లాణ్ని బోర్డు దగ్గరికి పిలిచి, కిటికీలోంచి కనపడే చెట్టును చూపించి మీ భాషలో దీన్నేమంటారని అడిగాడట. వాడు చెప్పాడట. తమ్ముడు దాన్ని తెలుగు అక్షరాల్లో రాశాడు. ఆ మాట మధ్యలో గొంతు ఒక్క క్షణం పట్టేసి వదులుతుంది. సవరలో అది ధ్వనే, మన దగ్గర దానికి అక్షరం లేదు. తమ్ముడు రాసి చదివాడు. పిల్లాడు తల అడ్డంగా ఊపాడు. చెరిపి ఇంకోలా రాశాడు, మళ్లీ అడ్డంగా ఊపాడు. నాలుగోసారికి క్లాసంతా నవ్వడం మొదలెట్టిందట, పంతుల్ని చూసి.